వినేవాడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు

ఆర్కేడ్ క్యాబినెట్‌కు ప్లైవుడ్ కోత అయింది. జాయ్‌స్టిక్‌లు, బటన్లు బిగించారు. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ఆన్ చేస్తే స్క్రీన్ మీద గేముల జాబితా వచ్చింది. ఇంట్లో పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. ఆట మొదలెట్టగానే మాత్రం మీ మొహం చిన్నబోయింది. ఎవరో గోడ వైపు తిరిగి గొణుగుతున్నట్టు, సౌండ్ మానిటర్ వెనక నుంచి వస్తోంది. ఇదేనా మీ పరిస్థితి? అయితే దిగులు పడకండి. ఇక మిగిలింది ఒక ఆదివారం పని.

ఈ దశలో చాలామంది నేరుగా దుకాణానికి బయల్దేరతారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ అనుకోండి. కౌంటర్ దగ్గర మాటలు ఇంచుమించు ఇలా నడుస్తాయి.

“ఎన్ని వాట్స్ కావాలె అన్నా?”

“ఇంట్ల గేమ్ మెషీన్ చేస్తున్న భయ్యా. సౌండ్ మంచిగ రావాలె.”

“హండ్రెడ్ వాట్స్ బోర్డు తీస్కపో. ఫికర్ ఉండదు.”

ఫికర్ అక్కడే మొదలవుతుంది. ఆ యాంప్లిఫయర్ బోర్డుకు పెద్ద సప్లై కావాలి. ఆ సప్లైకి చోటు కావాలి. దానికి తగ్గ స్పీకర్లు కొనాలి. ఆ స్పీకర్ల బరువుకు పై పలక వంగకుండా చూసుకోవాలి. ఇంతా చేసి స్విచ్ వేస్తే, గేమ్ సంగీతం కంటే ముందు ‘సుయ్’మని ఒక రొద పలకరిస్తుంది.

స్పీకర్ కొనే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆర్కేడ్ క్యాబినెట్ సౌండ్ వినేవాడు దానికి రెండడుగుల దూరంలో నిలబడి ఉంటాడు. హాల్లో సోఫా మీద కూర్చోడు, పెళ్లి పందిట్లో చివరి వరసలోనూ ఉండడు. అంత దగ్గరి చెవికి బలం అక్కర్లేదు. కానీ కాస్త గుయ్‌మన్నా అదే చెవికి దొరికిపోతుంది. ఈ అధ్యాయంలోని సూచనలన్నీ ఆ రెండడుగుల దగ్గర మొదలైనవే.

1. వాట్లను ముందు కాగితం మీద తేల్చండి

స్పీకర్ డబ్బా మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 88 డెసిబెల్స్ అని ఉందనుకోండి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని దాని అర్థం. మీ చెవి మీటరు కంటే దగ్గరే ఉంది కాబట్టి ఇంకో మూడు నాలుగు డెసిబెల్స్ కలుపుకోండి. ఎనిమిది గంటల డ్యూటీ చేసే చోట 85 డెసిబెల్స్ దాటితే చెవులకు రక్షణ పెట్టుకోమంటారు. మరి మీకు వంద వాట్లు ఎందుకు?

పేలుళ్లు, పిడిగుద్దులు లాంటి ఒక్కసారిగా ఎగసే శబ్దాలకు కొంత మిగులు ఉండాలి, నిజమే. దానికి ఛానల్‌కు 5 నుంచి 10 వాట్లు సరిపోతాయి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి “రెండింతలైంది” అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు పొయ్యాలి.

“బోర్డు మీద 50+50 అని రాశారుగా?” అంటారేమో. టీపీఏ 3116 చిప్ ఉన్న బోర్డు ఆ 50 వాట్లు ఇవ్వాలంటే 21 వోల్టుల సప్లై, 4 ఓమ్‌ల స్పీకర్ ఉండాలి. మీరు ఇచ్చేది 12 వోల్టులైతే ఎంత వస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు. వోల్టులను వోల్టులతోనే గుణించండి, వచ్చినదాన్ని స్పీకర్ ఓమ్‌ల రెట్టింపుతో భాగించండి. 12 పన్నెండ్లు 144. 8 ఓమ్‌ల స్పీకరైతే 16తో భాగిస్తే 9 వాట్లు. 4 ఓమ్‌లదైతే 18. అసలు వచ్చేది ఇంకాస్త తక్కువే ఉంటుంది. కారు స్పీకర్ మీద 200 వాట్స్ అని బంగారు అక్షరాలతో రాసి ఉన్నా ఈ లెక్క మారదు.

2. సౌండ్ ఎక్కడి నుంచి తీస్తున్నారు?

యాంప్లిఫయర్ కంటే ముందు దీన్ని తేల్చుకోవాలి. రాస్ప్‌బెర్రీ పై 3, పై 4 బోర్డుల మీద 3.5 ఎంఎం జాక్ ఉంది. పని చేస్తుంది, కానీ అందులోంచి వచ్చే సౌండ్‌తో పాటు సన్నని రొద కూడా వస్తుంది. దూరంగా కూర్చుంటే తెలియదు. మన వినేవాడు దూరంగా లేడు కదా! 2023లో వచ్చిన పై 5 మీదైతే ఆ జాక్ అసలు లేనే లేదు.

అందరికంటే సులువైన దారి మీ మానిటర్ వెనకే ఉండొచ్చు. హెచ్‌డీఎంఐ వైరు బొమ్మతో పాటు సౌండ్‌నూ మోస్తుంది. మానిటర్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అక్కడి నుంచి యాంప్లిఫయర్‌కు ఒక ఆక్స్ కేబుల్ చాలు. పైసా అదనపు ఖర్చు లేదు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, కొన్ని మానిటర్లు నిద్రపోయి లేచాక పాత వాల్యూమ్ మర్చిపోతాయి. క్యాబినెట్ లోపల మూసేసిన మానిటర్ బటన్లు నొక్కడానికి ప్రతిసారీ వెనక తలుపు తీయాలా? కొనే ముందో, బిగించే ముందో ఒకసారి ప్లగ్ తీసి పెట్టి చూడండి.

హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. బొటనవేలంత ఉంటుంది. మామూలు రకం కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, రాస్ప్‌బెర్రీ పై జాక్ కంటే శుభ్రంగా పలుకుతుంది. సెట్టింగ్స్‌లో ఆడియో అవుట్‌పుట్‌ను దాని మీదకు మార్చడం మర్చిపోకండి. “కార్డు పాడైంది” అని తిరిగి ఇచ్చేసేవాళ్లలో చాలామంది ఈ ఒక్క మార్పు చెయ్యనివాళ్లే.

మీ దగ్గర ఉన్నది పాత కాలపు అసలు గేమ్ బోర్డా? లేక వందల గేములు ఒకే పలకలో వచ్చే పండోరా బాక్స్ రకమా? అప్పుడు సంగతి వేరు. 1985లో జపాన్‌లో ఖరారైన జామా కనెక్టర్‌లో 10వ పిన్, దానికి ఎదురుగా ఉన్న ఎల్ పిన్ స్పీకర్ కోసమే. ఆ బోర్డు మీద చిన్న యాంప్లిఫయర్ ముందే ఉంటుంది. ఆ రెండు పిన్నుల నుంచి నేరుగా 8 ఓమ్‌ల స్పీకర్‌కు వైరు లాగండి. వాటిని తీసుకెళ్లి ఇంకో యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో పెడితే బరబరమంటుంది, కొన్నిసార్లు బోర్డే పోతుంది.

3. బోర్డునూ స్పీకర్‌నూ జతగా కొనండి

బల్ల మీద పెట్టుకునే చిన్న బార్‌టాప్ క్యాబినెట్‌కు 3 అంగుళాల స్పీకర్లు రెండు, పీఏఎం 8403 బోర్డు సరిపోతాయి. తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది, 5 వోల్టులతో నడుస్తుంది, 4 ఓమ్‌ల మీద ఛానల్‌కు 3 వాట్ల దాకా ఇస్తుంది. దానికి పొరపాటున 12 వోల్టులు తగిలిస్తే మాత్రం రెప్పపాటులో పోతుంది. క్యాబినెట్‌లో ఎల్ఈడీ లైట్ల కోసం 12 వోల్టుల వైరు పక్కనే వేలాడుతుంటుంది కాబట్టి ఈ ప్రమాదం ఊహించినదానికంటే దగ్గరే ఉంది. 5 వోల్టులకు ఒక రంగు, 12 వోల్టులకు ఇంకో రంగు వైరు వాడండి.

నిలువెత్తు క్యాబినెట్‌కు 4 అంగుళాల స్పీకర్లు తీసుకోండి. కారు తలుపుల్లో బిగించేవే బాగుంటాయి. వాటికి బిగింపు చెవులు, జాలీ తోడుగా వస్తాయి, మధ్యలో ట్వీటర్ కూడా ఉంటుంది. వాటికి పీఏఎం 8610 గానీ టీపీఏ 3110 గానీ ఉన్న 12 వోల్టుల బోర్డు సరిపోతుంది. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్‌లవే ఉంటాయి. బోర్డు 4 ఓమ్‌లను తట్టుకుంటుందో లేదో దుకాణంలోనే అడగండి. మల్టీమీటర్‌తో కొలిస్తే 4 ఓమ్‌ల స్పీకర్ మూడున్నర దగ్గర, 8 ఓమ్‌లది ఆరేడు దగ్గర చూపిస్తుంది. తేడా ఉందని కంగారు పడకండి, అలాగే చూపించాలి.

స్టీరియో కావాలా, ఒకటే స్పీకర్ సరిపోతుందా? మీరు ఆడే గేములను బట్టి చెప్పాలి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ మోనో. ఆ కాలపు గేములే ఆడితే ఒక మంచి స్పీకర్ మధ్యలో పెట్టుకున్నా లోటు తెలియదు. కానీ మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో ‘ముస్తఫా’ అని పిలుచుకున్న గేమ్ ఉంది చూడండి, క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, అది క్యూసౌండ్ అనే స్టీరియో పద్ధతిలో చేసింది. రెండు రూపాయి బిళ్లలు జేబులో పెట్టుకుని ఆ షాపుల ముందు నిలబడ్డ తరంలో ఎంతమంది దాన్ని స్టీరియోలో విన్నారో అనుమానమే. ఇప్పుడు వినండి. రెండు స్పీకర్లు పెట్టండి.

ఇవేవీ వద్దు, టంకం పెట్టడం నా వల్ల కాదు అంటారా? అటక మీద పాత 2.1 కంప్యూటర్ స్పీకర్లు ఉంటే దించండి. యాంప్లిఫయర్, సప్లై, వాల్యూమ్ అన్నీ అందులోనే ఉన్నాయి. చిన్న స్పీకర్లను ప్లాస్టిక్ డొప్పల్లోంచి తీసి పై పలకకు బిగించండి, బాస్ పెట్టెను అడుగున పెట్టండి. అయితే ఒక పరీక్ష చెయ్యాలి. సెట్ ఆన్‌లో ఉండగా గోడ దగ్గర స్విచ్ కట్టేసి మళ్లీ వెయ్యండి. దానంతట అదే మోగితే మీ పని అయినట్టే. రిమోట్ నొక్కేదాకా ఎర్ర లైటుతో నిద్రపోయే రకమైతే దాన్ని మళ్లీ అటక ఎక్కించండి.

4. నల్ల వైర్లు రెంటినీ ముడేయకండి

ఇది చిన్న సూచనే గానీ ఎక్కువ బోర్డులు కాలేది దీన్ని పట్టించుకోకే. స్పీకర్ల మైనస్‌లు రెండూ ఒకటే కదా, ఒక వైరు ఆదా చేద్దాం అనిపిస్తుంది. పైన చెప్పిన బోర్డులన్నింటిలోనూ స్పీకర్ ప్లస్, మైనస్ రెండు కొసల్లోనూ సిగ్నల్ ఉంటుంది. ఆ మైనస్ గ్రౌండ్ కాదు. ఎడమ స్పీకర్ మైనస్‌ను కుడి దానితో కలిపినా, క్యాబినెట్ ఎర్త్‌కు తగిలించినా షార్ట్ చేసినట్టే. స్పీకర్‌కు రెండు వైర్ల చొప్పున, రెండు స్పీకర్లకు నాలుగు వైర్లు విడివిడిగా లాగండి. ఎరుపు నలుపు జంటగా దొరికే మామూలు స్పీకర్ వైరు చాలు. ఖరీదైన మెలికల వైర్లు ఈ రెండు మూడు అడుగులకు అనవసరం.

5. స్పీకర్ చెవి వైపు చూడాలి

నిలువు క్యాబినెట్‌లో పైన గేమ్ పేరు వెలిగే పెట్టెను మార్కీ అంటారు. దాని అడుగు పలక ఆటగాడి తల ముందు, కాస్త పైన ఉంటుంది. స్పీకర్లకు అదే సరైన చోటు. ఆ పలకను ఆటగాడి మొహం వైపు కొద్దిగా వాలిస్తే ఇంకా మంచిది. కంట్రోల్ ప్యానెల్ కింద పెడితే సౌండ్ మీ మోకాళ్లకు వినిపిస్తుంది. వెనక తలుపుకు పెడితే గోడకు వినిపిస్తుంది.

రంధ్రం సంగతికి వద్దాం. తొందర పడితే ప్లైవుడ్ మళ్లీ కొనాల్సిన చోటు ఇది.

4 అంగుళాల స్పీకర్ అంటే 4 అంగుళాల రంధ్రం అని కాదు. ఆ అంకె పై చట్రానికి దగ్గరగా ఉంటుంది. కోయాల్సింది లోపలి బుట్ట పట్టేంత వరకే. స్పీకర్‌తో పాటు అట్టముక్క మీద అచ్చు ఇస్తే దాన్ని వాడండి. లేకపోతే స్పీకర్‌ను ఏదైనా అట్ట మీద బోర్లించి, అంచు గీసి, లోపలికి చట్రం వెడల్పు కొలిచి ఇంకో గీత గీయండి. ఆ అట్టను కత్తిరించి స్పీకర్ దూరుతుందో లేదో చూశాకే ప్లైవుడ్ ముట్టుకోండి. వెనక లోతు కూడా కొలవాలి. అయస్కాంతం వెళ్లి మార్కీ లైటుకు తగులుతుందని బిగించే రోజు తెలిస్తే ఎలా?

అందంగా ఉంటుందని కొందరు పెద్ద రంధ్రం బదులు సన్నని చిల్లులు వరసగా వేస్తారు. 18 ఎంఎం ప్లైవుడ్‌లో సన్నని చిల్లులు వేస్తే అవి గొట్టాలైపోతాయి, పైస్థాయి శబ్దాలు అక్కడే ఆగిపోతాయి. చిల్లులే కావాలంటే ఆ పలక వరకు 6 ఎంఎం వాడండి. కాదంటే పూర్తి రంధ్రం కోసి ఇనుప జాలీ బిగించండి. నా ఓటు జాలీకే. పిల్లల వేళ్లు, పెన్సిళ్లు లోపలికి పోవు.

స్పీకర్‌ను దగ్గర పెట్టుకుని డ్రిల్ చెయ్యకండి. ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటే జన్మలో వదలదు. స్క్రూలు బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనను అయస్కాంతం తన వైపు లాగుతుంది. చెయ్యి జారిందా, కాగితం కోన్‌కు చిల్లే. అందుకే రెండో చేతి వేళ్లను స్క్రూకూ కోన్‌కూ మధ్య అడ్డం పెట్టి, మెల్లగా తిప్పండి. మోటార్ డ్రిల్‌తో స్క్రూలు బిగించే ఉత్సాహం ఇక్కడ మాత్రం పనికిరాదు.

చట్రానికీ పలకకూ మధ్య సందు ఉండకూడదు. స్పీకర్ ముందు నుంచి వచ్చే అల, వెనక నుంచి వచ్చే అల సందులో కలుసుకుంటే బాస్ రెంటి మధ్య కొట్టుకుపోతుంది. ఫోమ్ టేప్ గానీ, పాత సైకిల్ ట్యూబ్‌ను ఉంగరంలా కత్తిరించి గానీ మధ్యలో పెట్టి బిగించండి. పాత టీవీ ట్యూబును స్క్రీన్‌గా వాడేవాళ్లకు ఇంకో మాట. మామూలు స్పీకర్ అయస్కాంతం ట్యూబు పక్కన ఉంటే తెర మూలల్లో రంగు మచ్చలు పడతాయి. అయస్కాంతం బయటికి పొక్కకుండా కవచం ఉన్న రకం కొనండి, లేదా దూరం జరపండి. ఎల్‌సీడీ వాడేవాళ్లకు ఈ బాధ లేదు.

6. టార్చి సెల్‌తో ఒక పరీక్ష

స్పీకర్ మీద ప్లస్ గుర్తు చెరిగిపోయిందా? రెండు వేర్వేరు స్పీకర్లు వాడుతున్నారా? 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకోండి. దాని రెండు కొసలకు వైర్లు పట్టుకుని స్పీకర్ పిన్నులకు ఒక్క క్షణం తాకించండి. ‘టక్’మంటుంది. అప్పుడు చూపు కోన్ మీద ఉండాలి. అది మీ వైపు ఎగిరితే సెల్ ప్లస్ తాకిన పిన్నే స్పీకర్ ప్లస్. లోపలికి కుంగితే తిరగేయండి. తాకించి తీసేయాలి సుమా, పట్టుకుని కూర్చోకూడదు.

రెండు స్పీకర్లలో ఒకటి తిరగబడితే ఏమవుతుంది? సౌండ్ ఆగదు, అందుకే ఎవరూ గమనించరు. ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, బాస్ పల్చబడుతుంది. మోనో గేమ్ ఒకటి పెట్టి మధ్యలో నిలబడండి. శబ్దం స్క్రీన్ మధ్య నుంచి వస్తున్నట్టుంటే సరే. తల చుట్టూ ఎక్కడో తేలుతున్నట్టుంటే ఒక స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి. బాస్ పెరిగితే అదే సరైన కనెక్షన్.

7. వాల్యూమ్ నాబ్ చేతికి అందాలి

పాత ఆర్కేడ్ మెషీన్లలో చాలావాటికి వాల్యూమ్ నాబ్ కాయిన్ తలుపు లోపల ఉండేది. తాళం చెవి యజమాని దగ్గర, కాబట్టి పిల్లలు పెంచలేరు. మీ ఇంట్లో యజమాని మీరే, ఫోన్ మోగితే సౌండ్ తగ్గించాల్సిందీ మీరే. కంట్రోల్ ప్యానెల్ కింది అంచున, చెయ్యి పెడితే తగిలేలా బిగించండి.

నాబ్ యాంప్లిఫయర్‌కు ముందు రావాలి. యాంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య పెడితే ఆ చిన్న నాబ్ వేడెక్కి కాలిపోతుంది. 10 కిలో ఓమ్‌ల డ్యూయల్ పొటెన్షియోమీటర్ అడగండి. దాని వీపు మీద ఏ10కే అని ఉంటే లాగ్ రకం, బీ10కే అని ఉంటే లీనియర్. దుకాణదారు చేతికి ముందు వచ్చేది బీ రకం. దాంతో తొలి పావు తిప్పుడులోనే సౌండ్ అంతా వచ్చేసి, మిగతా తిప్పుడంతా దండగవుతుంది. ఏ రకమే కావాలని పట్టుబట్టండి. ఇరుసు మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ కాలు గ్రౌండ్, నడిమి కాలు యాంప్లిఫయర్‌కు, కుడి కాలు గేమ్ నుంచి వచ్చే సిగ్నల్‌కు. రెండు వరసలకూ ఇదే పద్ధతి.

ఇక రాస్ప్‌బెర్రీ పై లోపలి వాల్యూమ్‌ను 85, 90 శాతం దగ్గర పెట్టి వదిలేయండి. అక్కడ 30 పెట్టి ఇక్కడ నాబ్ మొత్తం తిప్పితే, తక్కువ సిగ్నల్‌తో పాటు రొదను కూడా పెంచుకున్నట్టే.

8. గుయ్‌మంటోందా? విడదీసి చూడండి

ఈ దశలో మనసు విరిగి బోర్డు మార్చేసేవాళ్లు చాలామంది. కొత్త బోర్డు కూడా గుయ్‌మంటుంది. తప్పు బోర్డుది కాకపోతే బోర్డు మార్చి ఏం లాభం? ఈ వరసలో వెతకండి.

ముందు యాంప్లిఫయర్ నుంచి ఆక్స్ కేబుల్ పీకి, ఇన్‌పుట్ ప్లస్‌నూ గ్రౌండ్‌నూ చిన్న వైరుతో కలపండి. అప్పటికీ రొద ఉంటే తప్పు యాంప్లిఫయర్ సప్లైది. వేరే 12 వోల్టుల అడాప్టర్‌తో ప్రయత్నించండి. నిశ్శబ్దమైతే దోషం అటువైపు లేదు, కేబుల్ మళ్లీ పెట్టండి.

ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పైని గోడ కరెంటు నుంచి తప్పించి, తగినంత కరెంటు ఇవ్వగల పవర్ బ్యాంక్ మీద నడపండి. రొద ఠక్కున మాయమైందా? దొంగ దొరికాడు. ఒకే 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ నుంచి యాంప్లిఫయర్‌కూ, వోల్టులు తగ్గించే బక్ కన్వర్టర్ మీదుగా రాస్ప్‌బెర్రీ పైకీ కరెంటు ఇస్తే ఇలా జరుగుతుంది. పై తీసుకునే కరెంటు ఎగుడుదిగుళ్లు గ్రౌండ్ వైరు వెంబడి సౌండ్‌లోకి దూరతాయి. స్క్రీన్ మీద బొమ్మ కదిలినప్పుడల్లా ‘కీచు’ మారుతుంటే ఇదే జబ్బని రూఢి చేసుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పైకి దాని సొంత 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. అయినా మిగిలితే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బాను ఆక్స్ కేబుల్ మధ్యలో పెట్టండి. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఇంకేం ఉండవు. సౌండ్ దాటుతుంది, గ్రౌండ్ తెగిపోతుంది.

మరి రొద ఏమీ మారకుండా సమంగా ‘సుయ్’మంటుంటే? యాంప్లిఫయర్ అవసరానికి మించి పెంచుతోంది. ఏడో సూచనకు వెళ్లి వాల్యూమ్‌లు సరిచూసుకోండి. ఆక్స్ కేబుల్‌ను 230 వోల్టుల వైర్లతో కలిపి టై వేసి ఉంటే విప్పండి. రెండూ దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి.

గుయ్ పోవాలని మానిటర్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లు ఉన్నారు. రొద పోవచ్చు. కానీ అది పిల్లలు చేతులు పెట్టే పెట్టె, ఇనుప బటన్ ప్లేట్లు, ఇనుప కాయిన్ తలుపు ఉన్న పెట్టె. ఎర్త్ జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. ఎస్‌ఎంపీఎస్ స్క్రూల మీద మూత ఉండాలి, వెనక తలుపు తీసే ముందు ప్లగ్ గోడ నుంచి బయటికి రావాలి.

9. గలగలలను వేలితో పట్టుకోండి

సౌండ్ శుభ్రమైంది. వాల్యూమ్ పెంచితే మాత్రం ఎక్కడో ‘జర్ర్’మంటోంది. స్పీకర్ చిరిగిందని అప్పుడే తీర్మానించకండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, ఆక్స్‌కు కలిపి, 60 హెర్ట్జ్ నుంచి 300 దాకా మెల్లగా పెంచుకుంటూ పోండి. ఒక్కో అంకె దగ్గర ఒక్కో భాగం వణకడం మొదలెడుతుంది. జర్ర్‌మన్న చోట అంకె ఆపి, క్యాబినెట్ మీద ఒక్కో భాగాన్ని వేలితో అదమండి. మార్కీ అక్రిలిక్ షీట్‌ను అదిమితే ఆగిందా? దాని గాడిలో ఫోమ్ టేప్ ముక్క దూర్చండి. కాయిన్ తలుపును అదిమితే ఆగిందా? గొళ్లెం వదులుగా ఉంది. ఎక్కువ గలగలలు ఈ రెండు చోట్లే ఉంటాయి. మూడోది మీరు లోపల మర్చిపోయిన స్క్రూ.

2.1 సెట్ బాస్ పెట్టెను నేరుగా అడుగు పలక మీద పెట్టకండి. కింద మందపాటి ఫోమ్ వెయ్యండి. లేకపోతే క్యాబినెట్ కాళ్ల మీదుగా ఆ దరువు నేలలోకి దిగుతుంది. మీకు ఆనందమే, కింది ఫ్లాట్‌లోని పెద్దాయనకు నిద్ర ఉండదు.

10. రాత్రి పదకొండు తర్వాత

ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక్క ఆట ఆడాలనిపిస్తే? హెడ్‌ఫోన్ జాక్ ఒకటి పెట్టుకోండి. దాన్ని స్పీకర్ వైర్లకు మాత్రం కలపకండి. హెడ్‌ఫోన్ పిన్నులో ఎడమ, కుడి మైనస్‌లు కలిసే ఉంటాయి. నాలుగో సూచనలో వద్దన్న షార్ట్ అదే. పైగా ఆ వాట్లు నేరుగా చెవిలోకి దిగుతాయి.

స్విచ్ కాంటాక్టులు ఉన్న 3.5 ఎంఎం జాక్ అడగండి, మూడు కాళ్లకు బదులు ఐదు కాళ్లుంటాయి. దాన్ని యూఎస్‌బీ సౌండ్ కార్డుకూ వాల్యూమ్ నాబ్‌కూ మధ్యలో పెట్టండి. పిన్ను దూర్చగానే కాంటాక్టులు విడిపోయి స్పీకర్లు మూగబోతాయి, హెడ్‌ఫోన్స్‌కు కావాల్సిన బలం కార్డే ఇస్తుంది. నాబ్ దాని తర్వాత ఉంది కాబట్టి ఈ దారిలో అది పనిచేయదు. అందుకే హెడ్‌ఫోన్స్ చెవికి పెట్టుకునే ముందు రాస్ప్‌బెర్రీ పై వాల్యూమ్ 40 శాతానికి దించండి. పొద్దున మళ్లీ 85కు పెంచడం గుర్తుండాలంటే జాక్ పక్కనే మార్కర్‌తో ఆ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి.